మోటారు బోటు ఇంజిన్ ఆగిపోయే ముందు పెట్రోలు, ఆయిలు ఏం చెబుతాయి

బోటు ఫిల్టరు విప్పి, అందులో మిగిలిన పెట్రోలుని శుభ్రమైన గాజు సీసాలో వంచి, ఓ పది నిమిషాలు కదపకుండా పెట్టండి. పైన పెట్రోలు తేటగా తేలుతుంది. అడుగున వేరే పొర ఒకటి చేరి, రెంటికీ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపించిందంటే ట్యాంకులోకి నీళ్లు దిగాయన్నమాట. ఆ అడుగున నల్లటి నలకలుంటే పైపు లోపలి రబ్బరు ఊడుతోంది, ఎర్రటి పొడి ఉంటే ఎక్కడో ఇనుము తుప్పు పడుతోంది. ఇంత తెలుసుకోవడానికి మీటర్లూ కంప్యూటర్లూ ఏమీ అక్కర్లేదు, ఒక సీసా చాలు. బోటు నీళ్ల మధ్యలో ఆగిపోయినప్పుడు అందరూ ముందు ప్లగ్గుల్ని, తర్వాత కార్బొరేటర్ని, చివరికి ఇంజిన్ తయారుచేసిన కంపెనీని అనుమానిస్తారు గానీ, చాలాసార్లు ఇంజిన్‌లో ఏ లోపమూ ఉండదు, దానికి అందాల్సిన పెట్రోలు సరిగ్గా అందక ఆగిపోతుంది. పైగా ఆ సంగతి వారం ముందు నుంచే ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది, చూసేవాళ్లే ఉండరు.

కారు, బైకు నడిపిన అలవాటుతో బోటుని చూస్తే రెండు విషయాలు తప్పిపోతాయి. ఒకటి, కారులో పోసిన పెట్రోలు వారం పది రోజుల్లో ఖర్చయిపోతుంది, బోటులో పోసింది నెలల తరబడి ఊరికే పడి ఉంటుంది. ట్యాంకుకి గాలి రంధ్రం ఉంటుంది కాబట్టి పగటి వేడికి లోపలి ఆవిరి బయటికి పోయి, రాత్రి చల్లబడినప్పుడు తేమ గాలి లోపలికి వస్తుంది. పెట్రోలు పోసే మూత కింద ఉండే ఓరింగు (గుండ్రటి రబ్బరు రింగు) ఎండిపోయి పగిలితే డెక్ కడిగిన నీళ్లు, వాన నీళ్లు నేరుగా ట్యాంకులోకే దిగుతాయి. చాలాసార్లు ట్యాంకులో నీళ్లు చేరేది ఆ చిన్న ఓరింగు పుణ్యమే, ఆ ముక్క మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు. రెండోది, కారు ఒకసారి వేగం అందుకుంటే ఇంజిన్ మీద భారం తగ్గుతుంది, బోటుకి ఆ సుఖం లేదు. నీళ్లు ఎప్పుడూ వెనక్కి నెడుతూనే ఉంటాయి, అంటే బోటు ఇంజిన్ పని రోజంతా ఘాట్ రోడ్డు ఎక్కే లారీ పని లాంటిది. అలా భారం మీద ఉన్నప్పుడు పెట్రోలు కొంచెం తక్కువ అందినా మంట వేడి పెరిగిపోయి పిస్టన్‌కి చిల్లు పడే దాకా వెళ్తుంది. కారు అయితే కాస్త ఈడ్చి, కుదిపి హెచ్చరిస్తుంది, బోటులో అంత వ్యవధి దొరకదు.

ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా

బోటు వెనక బయట తగిలించే చిన్న ఇంజిన్‌లో, అంటే అవుట్‌బోర్డ్‌లో, పెట్రోలు దారి చాలా సూటిగా ఉంటుంది. ట్యాంకు, దాని మూత మీద గాలి స్క్రూ, లోపల అడుగుదాకా దిగిన పీల్చే గొట్టం, దాని కొసన జాలీ, అక్కడి నుంచి రబ్బరు పైపు, మధ్యలో చేత్తో నొక్కే బల్బు, తర్వాత ఫిల్టరు, ఇంజిన్ మీద పంపు, ఆపైన కార్బొరేటర్. ఇంజెక్షన్ ఇంజిన్ అయితే కార్బొరేటర్ బదులు ఆవిరిని వేరుచేసే చిన్న ట్యాంకు, అధిక ఒత్తిడి పంపు, ఇంజెక్టర్లు ఉంటాయి. పాత టూ స్ట్రోక్ ఇంజిన్లలో ఆ పంపుకి మోటారేమీ ఉండదు, పిస్టన్ కింది గదిలో (క్రాంక్‌కేసు) పిస్టన్ కదలికకి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే దానికి ఒక పలచని పొర కొట్టుకుంటూ పెట్రోలుని తోడుతుంది. ఆ పొర గట్టిపడినా, సూది మొనంత చిరిగినా ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు బాగానే ఉండి, వేగం పెంచగానే నీరసిస్తుంది.

ఈ మొత్తంలో ఎక్కువ చెప్పేది ఆ బల్బే. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజిన్ వైపు చూడాలి. నొక్కేటప్పుడు ఆ బాణం పైకి ఉండేలా బల్బుని నిలువుగా పట్టుకుంటే లోపలి రెండు వాల్వులు సరిగ్గా మూసుకుంటాయి. బాగున్న బల్బు కొన్ని నొక్కులకే గట్టిపడి ఇక లోపలికి పోనంటుంది. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది, ఇవి రెండూ కాకుండా ఇంజిన్ దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపులో ఉంచే ఫ్లోట్ సూది ఇరుక్కుని పెట్రోలు పొంగిపోతోంది. గట్టిపడ్డ బల్బు ఇంజిన్ ఆపి ఉన్నా కాసేపటికే మెత్తబడితే లీకు కోసం వెతకాలి. ఇంజిన్ నడుస్తుండగా బల్బు లోపలికి పీక్కుపోయి చప్పిడిగా అయితే దానికి అర్థం మరొకటి, పంపు లాగుతోంది గానీ ట్యాంకు వైపు నుంచి రావట్లేదు. అప్పుడు ముందు చూడాల్సింది మూత మీది గాలి స్క్రూ. అది బిగించి ఉంటే ఇంజిన్ పది పదిహేను నిమిషాలు శుభ్రంగా నడిచి, తర్వాత ఆకలితో ఉన్నట్టు తగ్గి తగ్గి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఈ ఒక్క స్క్రూ మర్చిపోయి కార్బొరేటర్ మొత్తం విప్పేసుకున్న సందర్భాలు ఎన్నో. స్క్రూ తెరిచే ఉంటే పీల్చే గొట్టం జాలీ మూసుకుపోయిందా, పెద్ద ట్యాంకు అయితే దాని మీద, పెట్రోలు తనంతట తాను కారిపోకుండా ఆపే యాంటీ సైఫన్ వాల్వు ఇరుక్కుందా అని చూడాలి.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చే వైపు. అక్కడ కనెక్టరులో ఓరింగు అరిగినా, క్లాంపు వదులైనా పెట్రోలు బయటికి కారాలని లేదు, గాలే లోపలికి పోతుంది. కాబట్టి పైపు పొడిగా ఉంది కదా, లీకు లేదనుకుంటే పొరపాటు. అనుమానం ఉంటే ఇంజిన్‌కి దగ్గరగా ఒక జానెడు పారదర్శకమైన పైపు తాత్కాలికంగా పెట్టి నడిపి చూస్తే బుడగలు కళ్లకి కనిపిస్తాయి. చూశాక దాన్ని తీసెయ్యాలి, మంటకి తట్టుకోని పైపు బోటులో ఉంచకూడదు. పెట్రోలు పైపుగా బోట్ల కోసమే చేసినదే వాడాలి. ఇంజిన్ లోపలే ఉండే బోట్లలో అయితే ఐఎస్‌ఓ 7840 అని అచ్చేసిన పైపే సరైనది, మంట అంటుకున్నా కొంతసేపు నిలబడేలా దాన్ని పరీక్షించి ఇస్తారు. వేలితో వంచితే పగుళ్లు కనిపించినా, మెత్తగా ఉబ్బినా, తుడిచిన గుడ్డకి పెట్రోలు వాసన పట్టినా ఇంకో సీజన్ చూద్దామనుకోకుండా మార్చేయాలి.

ఫిల్టరు విషయంలో పొదుపు అనవసరం. నీళ్లు వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు ఏడాదికోసారి, లేదా 100 గంటలకోసారి మార్చడం మామూలు పద్ధతి. మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే ఆ ఫిల్టరు ఎంత సన్నని నలకని ఆపుతుందో ఊహించుకోవచ్చు, ఇంజెక్టర్ రంధ్రాలకి ఆ మాత్రం కాపలా ఉండాల్సిందే. పాత ఫిల్టరు పారేసే ముందు మొదట్లో చెప్పిన సీసా పరీక్ష చేస్తే ట్యాంకు పరిస్థితి మొత్తం తెలిసిపోతుంది.

ఇథనాల్, నీళ్లు, పాతబడ్డ పెట్రోలు

మామూలు పెట్రోలులో నీళ్లు కలవవు, అడుగున విడిగా ఉంటాయి, ఫిల్టరు పట్టుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు మామూలు చల్లదనంలో లీటరుకి సుమారు 5 మిల్లీలీటర్ల నీళ్లు పట్టగలదు. ఆ హద్దు దాటిందంటే ఇథనాల్, నీళ్లు రెండూ చేతులు కలిపి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గి నీరసంగా ఉంటుంది, అడుగున పేరుకున్నది సరిగ్గా మండదు. పీల్చే గొట్టం నోరు సరిగ్గా ఆ అడుగునే ఉంటుంది. ఆయిలు కలిపి వాడే టూ స్ట్రోక్‌లో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆయిలు పై పొరలో ఉన్న పెట్రోలుతోనే ఉండిపోతుంది, ఇంజిన్‌కి వెళ్లేది ఆయిలు లేని ద్రవం, కొద్ది నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది. ఒకసారి విడిపోయిన పెట్రోలుని ఏదో మందు పోసి మళ్లీ కలిపేద్దామని ఆశపడకూడదు. మొత్తం తీసేసి, ట్యాంకు ఆరబెట్టి, కొత్తది పోయడమే దారి. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీలు తమ మాన్యువల్స్‌లో ఇథనాల్ 10 శాతానికి మించకూడదనే రాస్తాయి, కాబట్టి పంపు మీద ఏం రాసి ఉందో చదివి పోయించుకోవడం మంచిది.

నీళ్లు లేకపోయినా పెట్రోలు ముసలిదవుతుంది. తేలికగా ఆవిరయ్యే భాగం కొన్ని నెలల్లో ఎగిరిపోయి, మిగిలింది గోధుమ రంగు జిగురులా కార్బొరేటర్ జెట్‌లో పేరుకుంటుంది, జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది కాబట్టి మూసుకోవడానికి ఎంతో అక్కర్లేదు. వాసన కూడా మారిపోతుంది, ఘాటు పోయి వార్నిష్‌లా వస్తుంది. రెండు మూడు నెలలు బోటు తీయమని తెలిస్తే పెట్రోలు త్వరగా పాతబడకుండా చూసే స్టెబిలైజర్ అనే మందు కలపాలి. అది కొత్త పెట్రోలులోనే పని చేస్తుంది, పాతబడ్డదాన్ని బాగుచెయ్యదు. కలిపాక ఇంజిన్‌ని ఓ పది నిమిషాలు నడిపితేనే ఆ మందు కలిసిన పెట్రోలు కార్బొరేటర్ దాకా చేరుతుంది, ట్యాంకులో పోసి వదిలేస్తే సగం పనే అయినట్టు. ఒడ్డు మీద నడిపేటప్పుడు నీటి పైపు తగిలించకుండా స్టార్ట్ చెయ్యకూడదు, చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కలు పొడిగా తిరిగితే ఇట్టే కాలిపోతాయి.

డీజిల్ బోట్లలో ఇథనాల్ తలనొప్పి లేదు గానీ మరో తలనొప్పి ఉంది. ట్యాంకు అడుగున నీళ్లు, పైన డీజిల్ ఉంటే ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు, బూజు పెరుగుతాయి. నల్లటి జిగట తెట్టులా ఫిల్టరుని కప్పేస్తాయి. కెరటాలకి బోటు ఊగినప్పుడు అడుగున ఉన్న మడ్డి లేచి ఫిల్టరు మూసుకుంటుంది, అంటే ఇంజిన్ అత్యవసరమైన సమయంలోనే ఆగిపోతుంది. మందులు దొరుకుతాయి, కానీ నీళ్లు తీయకుండా మందు పోస్తే చచ్చిన తెట్టంతా కూడా ఫిల్టరుకే వచ్చి పడుతుంది. ఫిల్టరు కింద పారదర్శకమైన గిన్నె ఉంటే బయల్దేరే ముందు టార్చి వేసి చూసి, అడుగున నీళ్లు కనిపిస్తే మర తిప్పి వదిలేయాలి. ఫిల్టరు మార్చాక డీజిల్ లైన్‌లోకి గాలి చేరుతుంది, దాన్ని బయటికి పంపాలి. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి లివరు కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి ధార తెగకుండా డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించాలి. ఇది ఒడ్డున, వెలుతురులో ఒకటి రెండుసార్లు చేసి చేతికి అలవాటు చేసుకోవాలి. చీకట్లో, ఊగే బోటులో మొదటిసారి నేర్చుకుందామంటే కుదరదు.

పెట్రోలు ఆవిరి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారు కింద కారితే గాలికి చెదిరిపోతుంది, బోటులో మాత్రం అడుగు భాగంలో గిన్నెలో నీళ్లలా నిలిచిపోతుంది. గాలిలో దాదాపు ఒకటిన్నర శాతం ఉన్నా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. అందుకే లోపల ఇంజిన్ ఉన్న పెట్రోలు బోట్లలో లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాన్‌ని (బ్లోయర్) కనీసం నాలుగు నిమిషాలు తిప్పి, తర్వాత మూత ఎత్తి ముక్కుతో వాసన చూసి, అప్పుడే తాళం తిప్పాలి. చేతితో మోసే ట్యాంకుని బోటులో ఉంచి నింపకుండా ఒడ్డు మీద నేల మీద పెట్టి నింపాలి, నాజిల్ ట్యాంకు అంచుకి తగిలేలా పట్టుకుంటే స్టాటిక్ రవ్వ పుట్టదు. స్టార్టరో ఆల్టర్నేటరో పోతే కారుది చవకగా వస్తుంది, బిగించడానికి సరిపోతుంది కూడా, కానీ దాని లోపలి రవ్వ బయటికి రాకుండా మూసి ఉండదు, అది బోటులో పెట్టకూడదు. ఇక్కడ మొహమాటానికి, సర్దుబాటుకి తావు లేదు, ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఆయిలు సంగతి

టూ స్ట్రోక్‌లో ఆయిలు పెట్రోలుతోపాటే వెళ్లి కాలిపోతుంది. 50 పాళ్లకి ఒక పాలు అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, 25 లీటర్ల ట్యాంకుకి అర లీటరు. పాత ఇంజిన్లకి, కొత్త ఇంజిన్‌ని మొదట నడిపే రోజులకి చాలా మాన్యువల్స్ దీనికి రెట్టింపు చెబుతాయి. తక్కువ పోస్తే ఇంజిన్ పట్టేస్తుందని అందరికీ తెలుసు, కాస్త ఎక్కువ పోస్తే మంచిదేగా అనే ధీమానే ఇబ్బంది. ఆయిలు పెరిగితే అదే మేరకి గాలితో కలిసే పెట్రోలు పాలు తగ్గుతుంది, ప్లగ్గులు మసిబారతాయి, నీళ్ల మీద తెట్టు మిగులుతుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. నీళ్లతో చల్లబడే బోటు ఇంజిన్ల కోసం బూడిద మిగలకుండా చేసిన ఆయిల్ అది. కారు ఆయిల్‌లో శుభ్రం చేసే లోహపు రసాయనాలు కలుపుతారు, అవి కాలితే గట్టి బూడిద పిస్టన్ మీద పేరుకుని, నిప్పు కణికలా ఎర్రబడి, ప్లగ్గు వెలగకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. కలిపేటప్పుడు ముందు కొంచెం పెట్రోలు, మొత్తం ఆయిలు పోసి బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పోస్తే సమానంగా కలుస్తుంది. ఆయిలు వేరే ట్యాంకులో ఉండి పంపుతో కలిసే ఇంజిన్లలో, ఆ పంపు రిపేరు చేశాక లైన్‌లో గాలి లేదని నమ్మకం కుదిరేదాకా, అంటే ఆయిలు ట్యాంకులో మట్టం తగ్గడం కళ్లతో చూసేదాకా, పెట్రోలులో కూడా ఆయిలు కలిపి నడపడం మెకానిక్‌ల మంచి అలవాటు.

ఫోర్ స్ట్రోక్‌లో ఆయిలు ఇంజిన్ అడుగున ఉండే సంపులో ఉంటుంది. ఎఫ్‌సీ-డబ్ల్యూ గుర్తు ఉన్న మెరైన్ ఆయిల్‌లో తుప్పుని ఆపే గుణం ఎక్కువ, 10డబ్ల్యూ-30 లేదా మాన్యువల్ చెప్పిన గ్రేడు పోయాలి. చాలా కంపెనీల లెక్క ప్రకారం కొత్త ఇంజిన్‌కి మొదటి 20 గంటలకి, ఆ తర్వాత 100 గంటలకి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే దానికి మార్చాలి. మట్టం చూసేటప్పుడు ఇంజిన్ నిలువుగా ఉండాలి, ఆపి కొన్ని నిమిషాలు అయి ఉండాలి. డిప్‌స్టిక్ తీసి తెల్లటి కాగితం మీద ఒక చుక్క పెట్టి చూడటం మంచి అలవాటు. రంగు ముదరడం సహజమే, డీజిల్ ఇంజిన్‌లో అయితే కొత్త ఆయిలు కూడా కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. పాలు కలిపినట్టు తెల్లబడితే నీళ్లు చేరాయి, ఇక నడపకూడదు. మట్టం తగ్గితే అందరికీ టెన్షన్, పెరిగితే సంతోషపడేవాళ్లూ ఉంటారు, కానీ పెరగడమే ఎక్కువ కంగారు పడాల్సిన విషయం. గంటల తరబడి నెమ్మదిగా నడిపితే, లేదా వేడిని బట్టి చల్లబరిచే నీళ్లని వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుని ఇంజిన్ వేడెక్కకపోతే, కాలని పెట్రోలు రింగుల పక్కనుంచి జారి సంపులో చేరుతుంది. చుక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన వస్తుంది. అలా పలచబడ్డ ఆయిలు బేరింగుల్ని కాపాడలేదు. మార్చి, థర్మోస్టాట్ చూసి, అప్పుడప్పుడు కాస్త వేగంగా నడిపి ఇంజిన్‌ని పూర్తిగా వేడెక్కనివ్వాలి.

ఆయిలు ఫిల్టరు మార్చినప్పుడు పాత రబ్బరు వాషరు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు వాషర్ల మధ్యనుంచి ఆయిలంతా నిమిషాల్లో బయటికి చిమ్ముతుంది. లోపల ఇంజిన్ ఉన్న బోటులో సంపు కింద చెయ్యి పట్టే చోటే ఉండదు కాబట్టి ఇంజిన్ వేడిగా ఉండగా డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో పీల్చి తీస్తారు. తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యక ముందు ఆయిలు ప్రెషర్ లైటో బజరో వచ్చిందా లేదా గమనించాలి. అప్పుడు రాకపోతే నడుస్తుండగా ప్రెషర్ పోయినా అది రాదు.

గేర్ ఆయిల్‌ని అందరూ మర్చిపోతారు, దాన్ని పట్టించుకోక గేర్లు పాడైతే చాలా ఖర్చవుతుంది. ప్రొపెల్లరు షాఫ్ట్ దగ్గర ఉన్న సీలు గేర్ ఆయిల్‌ని లోపల, నీళ్లని బయట ఉంచుతుంది. చేపల గాలం దారం షాఫ్ట్‌కి చుట్టుకుని, వేడికి కరిగి ఆ సీలుని కోసేస్తుంది, కాబట్టి ప్రొపెల్లరు విప్పినప్పుడల్లా వెనక చుట్టుకున్న దారం ఉందేమో తీయాలి. బోటు ఒక రోజు కదలకుండా ఉన్నాక కింది స్క్రూ కొంచెం వదులు చేస్తే, నీళ్లు చేరి ఉంటే ముందు అవే బొట్లుగా వస్తాయి, తర్వాత ఆయిలు. తెల్లగా పాలలా వచ్చినా అదే సంగతి. అయస్కాంతం ఉన్న స్క్రూకి మెత్తటి బూడిద రంగు పేస్టు అంటుకుంటే అది మామూలు అరుగుదల, గోరుకి తగిలే ముక్కలుంటే గేరు పళ్లు విరుగుతున్నట్టు. కొత్త ఆయిలు పై రంధ్రంలోంచి పోస్తే గాలి బుడగ లోపల ఉండిపోతుంది. కింది రంధ్రంలోంచి పంపుతో ఎక్కించి, పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా పొంగేదాకా నింపి, ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి.

ఆయిలు ఎప్పుడు మార్చాలన్న దగ్గర చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. బోటు ఎలాగూ నాలుగు నెలలు పక్కన పడుంటుంది, పాత ఆయిలుతో ఉంచి మళ్లీ తీసేటప్పుడు మార్చుకుందాం అనుకుంటారు. వాడిన ఆయిల్‌లో మంట వల్ల పుట్టిన ఆమ్లాలు, తేమ ఉంటాయి, అవి ఆ నాలుగు నెలలూ బేరింగుల మీద కూర్చుని తింటూనే ఉంటాయి. పక్కన పెట్టే ముందే మార్చి, కొత్త ఆయిలు అన్నిచోట్లా చేరేలా కాసేపు నడిపి ఆపాలి. గేర్ ఆయిలు కూడా అప్పుడే మార్చాలి, లోపల నీళ్లున్న గేర్ బాక్సు నెలల పాటు అలాగే ఉంటే తుప్పు పడుతుంది, గడ్డకట్టే చలి ఉన్న చోట అయితే ఏకంగా పగిలిపోతుంది.

తీసిన ఆయిలు ఒక్క చుక్క కూడా బోటు అడుగులో వదలకూడదు. అడుగు నీళ్లు తోడే పంపు ఆటోమేటిక్‌గా తిరిగినప్పుడు ఆయిలు కూడా నీళ్లలోకే పోతుంది, ఒక లీటరు ఆయిలు నీటి మీద ఎంత దూరం పరుచుకుంటుందో చూసినవాళ్లకి ఆ బాధ తెలుస్తుంది. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వాలి. ఇంజిన్ కింది భాగాన్ని శుభ్రంగా కడిగి తుడిచి పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. మసి, జిడ్డు పేరుకున్న చోట కొత్త లీకు కనపడదు, శుభ్రంగా ఉన్న చోట ఒక తెల్లటి గుడ్డ పరిచి ఒక రోజు బోటు నడిపి వచ్చి చూస్తే, ఏ చుక్క ఎక్కడ పడిందో, అది ఎరుపా నలుపా, పెట్రోలు వాసనా డీజిల్ వాసనా అన్నది ఆ గుడ్డ మీదే తెలిసిపోతుంది.